కాటా గదిలో ముప్పై ఒకటో తేదీ

డిసెంబరు ఆఖరి నైట్ డ్యూటీ.
పోర్టు కాటా గదిలో నేనూ, ఒక ట్యూబ్‌లైటూ,
కిటికీ ఊచల మీద ఇనుప ఖనిజం ధూళి.
పొద్దున తుడిచిందే.

పద్దెనిమిదేళ్లుగా ఇదే పని.
నిండు లారీ ఎక్కుతుంది, ఒక అంకె.
ఖాళీ లారీ ఎక్కుతుంది, ఇంకో అంకె.
పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే మిగిలేది సరుకు.
డ్రైవరు మాత్రం దిగి నిలబడాలి.
మనిషిని సరుకులో కలపకూడదని రూలు.

ఈ ఏడాదిని కూడా అలా తూచేద్దామని
సాయంత్రం నుంచి చీటీ వెనక
రాస్తున్నాను, కొట్టేస్తున్నాను.

ఫిబ్రవరిలో స్కూటర్ నేర్చుకున్నాను, నలభై మూడేళ్లకి.
పోర్టు స్టేడియం వెనక నా పక్కన పరిగెత్తింది
అరవై ఎనిమిదేళ్ల సన్యాసిరావు మావయ్య.
నేను పడలేదు. ఆయనే ఆయాసపడి
గోడ పట్టుకుని కూలబడ్డాడు.
నవ్వుకున్నాం అప్పుడు.
ఆ ఆయాసానికి ఒక పేరుందని మార్చిలో తెలిసింది.

ఏప్రిల్లో ఫ్లాటు అప్పు ఆఖరి వాయిదా కట్టాను.
బ్యాంకువాళ్లు కాగితాలిచ్చి, పెన్ను వెనక్కి అడిగారు.
అదే నెల మావయ్యని వెనక కూచోబెట్టుకుని
కేజీహెచ్ ఎత్తు ఎక్కాను. బండి మూలిగింది.
జూన్‌లో మూలగలేదు.
జూలైలో, వెనక మనిషున్నాడా అని
అద్దంలో చూసుకోవలసి వచ్చింది.

టగ్గు మీద సరంగు ఆయన, ముప్పై మూడేళ్లు.
కొండంత ఓడల్ని చెవి పట్టుకున్నట్టు పట్టుకుని
డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి లోపలికి తెచ్చినవాడు.
నా కవితలకి మొదటి పాఠకుడు.
బాగుందనీ, బాగోలేదనీ ఏనాడూ అనలేదు.
తప్పులు పట్టేవాడు.

"ఏటే, సముద్రం నీలమని రాసీసినావు?
ఛానల్లో ఏ పొద్దు సూసినావు నీలం?"
"పున్నమి రేతిరి వలేసినారా?
వల అగుపడిపోద్ది గదే సేపలకి!"
కొట్టేసేదాన్ని.
కొట్టేసిన చోట ఏం రాయాలో
ఆయన చెప్పేవాడు కాదు.

ఆగస్టు పంతొమ్మిది.
దాని గురించి ఇంకా రాయడం రాలేదు.
వాన పడిందని తెలుసు.
గొడుగు వార్డులో మర్చిపోయాను.

నవంబరులో పుస్తకం వచ్చింది.
నా పేరుతో, నా డబ్బుతో, మూడొందల కాపీలు.
డాబాగార్డెన్స్ ప్రెస్సు నుంచి ఆటోలో నేరుగా డ్యూటీకే తెచ్చేశాను.
పైడిరాజు సరదాపడి కట్టలన్నీ కాటా మీద పేర్చాడు.
ఒక్కో పుస్తకం నూట ఎనభై గ్రాములు,
మొత్తం యాభై నాలుగు కేజీలు.
కాటా అరవై చూపించింది.

ఇరవై కన్నా సన్నటి లెక్క మా కాటాకి రాదు.
యంత్రం, అదంతే. నాకు తెలుసు.
అయినా ఆ ఆరు కేజీలు ఎవరివని
ఇంటికెళ్లేదాకా అనుకున్నాను.

నలభై ఏడో పేజీలో అచ్చుతప్పు.
'కెరటం' ఉండాల్సిన చోట 'కరటం'.
నాలుగుసార్లు ప్రూఫు దిద్దినా కళ్లబడలేదు.
నిఘంటువులో చూస్తే కరటమంటే కాకి.
నా కవితలో కాకి వచ్చి ఒడ్డున విరిగింది.
ఆయనుంటే మొదటి చూపులోనే...
సరే.

లారీకీ లారీకీ మధ్య, రోజుకి అయిదో ఆరో,
తలకట్టు గీకేసి ఎత్వం పెడుతున్నాను.
క నెత్తిన చిన్న వంపు.
చూడగా చూడగా ఎత్వం కూడా
లేవబోతున్న నీళ్లలానే ఉంది.

చీటీ వెనక లెక్క తేలలేదు.
నిండేదో ఖాళీ ఏదో
ముందు తెలియాలి కదా, తీసివేతకి.

పన్నెండయింది.
హార్బర్లో ఓడలన్నీ ఒక్కసారి కూతపెట్టాయి.
అద్దాలదిరాయి. గేటు దగ్గర ఎవరో ఈల వేశారు.
చెయ్యి జారింది.
రెండొందల పదమూడో కాపీలో
ఎత్వం పెద్దదై, పై వరసలోకి లేచింది.

కొట్టేయలేదు.
సిరా ఆరనిచ్చి, పుస్తకం మూసి,
బయట హారన్ కొడుతున్న లారీ వైపు తిరిగి
డ్రైవర్ని దిగమన్నాను.